పదకొండు నిమిషాల వంతు

రాత్రి పదింటికి మొదటి ట్రిప్పు.
షేక్ అల్లుని బావి కాడ పైపు బిగించి
ట్యాంకరు కడుపు నిండేదాక
టైరుకు ఒరిగి కూసుంట.
ఐదువేల గాలన్లు.
మా ఇంటి లెక్కల పదిహేనువందల బిందెలు.
మీటరుకు గాలన్లే ఎరుక,
బిందె సంగతి దానికి తెల్వది.

ఇబ్రీ దాటినంక నలభై కిలోమీటర్లు.
కిటికీలు లేని తెల్ల బిల్డింగు.
లోపల ఏం చేస్తరని గేటు కాడ థంకచ్చన్‌ను అడిగిన.
"లోకంల ఎవరేం అడిగినా
మిషన్లు జవాబు చెప్తయి,
చెప్పి చెప్పి కాగిపోతయి" అన్నడు.
జ్వరమొచ్చిన పిలగానికి తడిగుడ్డ ఏసినట్టు
నేను తెచ్చిన నీళ్ళు వాటి చుట్టు తిరుగుతయి.
తెల్లారంగ కప్పు మీంచి ఆవిరి లేస్తది.
చూస్తే మబ్బే.
ఎన్నడూ కురువది.

తొవ్వల ఒక చిన్న ఊరు,
ఖర్జూరాల నడుమ మూరెడు వెడల్పు కాలువ.
ఫలజ్ అంటరు.
నాసర్ బిన్ ఖల్ఫాన్ దానికి పెద్ద.
పగలు పాతిన కట్టె నీడ చూసి
రాత్రి చుక్కలు చూసి
ఎవరి తోటకు ఎంతసేపో ఆయనే తిప్పుతడు.
అరగంటకు ఒక అథర్.
మా తాత నీరటి.
ఇదే పని. మడిమెల పగుళ్ళు సుత ఇవే.

పోయినేడు మోకాలి కిందికి ఉండె నీళ్ళు.
ఇప్పుడు చీలమండ తడువది.
ఒకనాడు బండికి అడ్డమొచ్చి అడిగిండు:
"ఎన్ని పట్టుకపోతున్నవు?"
నాకు అరబ్బీ వచ్చు.
రానట్టు నవ్విన.

బావి, కాలువ
భూమి కింద ఒక్క తల్లి పిల్లలని
నాకు ఎవరూ చెప్పలే.
పక్క చెల్కల నాలుగొందల ఫీట్లు బోరు దింపిననాడు
మా బాయిల కప్పలు లేచిపోయినయి,
గంతే, ఆనాడే తెలిసింది.

ఆగస్టుల, ఒక బుధవారం, మూడో ట్రిప్పు.
ఎందుకు ఆపిననో ఇప్పటికీ తెల్వది.
మొక్కు కాదు, పాపభయం కాదు.
కాలు బ్రేకు మీద పడ్డది.
పైపు ఈడ్చి కాలువల పెట్టిన,
వాల్వు తిప్పిన.
ఎండిన మట్టి ముందుగాల బుస్సుమన్నది,
అటెన్క మింగుడు మొదలుపెట్టింది.
ముసలాయన చెప్పులు లేకుంట ఉరికొచ్చిండు.
నన్ను చూడలే.
నీళ్ళను చూడలే.
ఆకాశంల ఏదో ఒక చుక్కను పట్టుకొని
అట్లనే నిలబడ్డడు,
నేను వాల్వు కట్టేసేదాక.

తెల్లారి సూపర్‌వైజరు ఫోన్ల ఎర్ర చుక్క చూపెట్టిండు.
"పర్మిషన్ లేని స్టాపు.
పదకొండు నిమిషాల నలభై సెకండ్లు."
రెండు రోజుల జీతం కోత.
"ఇదంత ఏడ రాసి ఉంటది సార్?"
"ఏడ ఉంటది, నువ్వు నీళ్ళు పోసే బిల్డింగులనే."
ఆయన నవ్విండు. నేను సుత నవ్విన.
అంటే నా దొంగతనం సల్లగ ఉండాలంటే
నేనే రోజు నీళ్ళు పొయ్యాలె.

వారం ఆగి ముసలాయన మళ్ళ బండి ఆపిండు.
ఈసారి ఎన్ని అని అడగలే.
మూడు వేళ్ళు చూపి రెండు మడిచిండు:
"అథర్‌ల మూడో వంతు. నీ పేరేంది?"
"పోశాలు."
ప ఆయన నోట పలుకది.
"బోశాలు, బోశాలు" అని
మరిచిపోకుంట రెండుసార్లు అనుకున్నడు.
కాయితం లేదు, కలం లేదు.
పైన ఏ చుక్క పక్కన ఎక్కించిండో
నన్ను.

నలభై తోటల వంతుల అడుగున
ఇప్పుడు నాకో వంతుంది.
తోట లేదు.
ఆ కాలువ ఎన్నాళ్ళు పారుతదో తెల్వది.

పదయితున్నది.
బావి కాడ పైపు బిగించాలె.